పగలు ఎక్కడుంటారో కూడా చెప్పండి

జ్వరంతో మీరు ఆసుపత్రికి వస్తే పేరు, వయసు, ఇంటి చిరునామా రాసుకుంటాం. డెంగీ అని తేలితే సిబ్బంది ఆ వీధికే వెళ్లి మందు కొడతారు, తొట్లు చూస్తారు. ఇది అవసరమే, కానీ సగం పనే అని నా అభిప్రాయం.

డెంగీని మోసే ఈడిస్ దోమ కుట్టేది పగటిపూట. ఆ వేళకు మీరు ఎక్కడుంటారు? ప్రొద్దుటూరులో మగ్గం నేసేవారికి ఇల్లే పనిచోటు. కానీ ఆర్టీపీపీలో పనిచేసేవారు కలమల్లకు, సిమెంటు ఫ్యాక్టరీలవారు ఎర్రగుంట్ల వైపుకు పోతారు. పులివెందుల, జమ్మలమడుగు బస్సుల్లో రోజూ తిరిగే టీచర్లు, గుమాస్తాలు ఉన్నారు. దోమ కుట్టింది అక్కడైతే ఇంటి దగ్గర పొగ కొట్టి ఏం లాభం?

ఈ దోమ మహా అయితే కొన్ని వందల మీటర్లు ఎగురుతుంది. ఊరి నుంచి ఊరికి వైరస్‌ను చేర్చేది మనిషే. అందుకే జనం రాకపోకలను లెక్కగట్టి, జ్వరం తర్వాత ఎటు పోతుందో అంచనా వేస్తారు. పాకిస్తాన్‌లో 2013లో వచ్చిన డెంగీ ఎలా పాకిందో సెల్‌ఫోన్ల కదలికలతో పరిశోధకులు ఇలాగే లెక్కగట్టారు. ఇందులో పాత పద్ధతి గ్రావిటీ మోడల్: ఊరు పెద్దదైతే ఎక్కువమంది వెళ్తారు, దూరం పెరిగేకొద్దీ తగ్గుతారు. మన దగ్గర ఇదొక్కటే నమ్మితే బోల్తా పడతాం. జనాభా చూస్తే కలమల్ల చిన్న ఊరే. అక్కడ థర్మల్ ప్లాంటు ఉందని ఆ సూత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా!

2011 జనగణనలో పనికి ఎంత దూరం వెళ్తారు, దేనిమీద వెళ్తారు అని అడిగారు. ఏ ఊరికి అని అడగలేదు. ఆ ఖాళీని జ్వరం కేసుల వరకైనా ఓపీ చీటీలో ఒక్క గడి పూరిస్తుంది: పనిచేసే చోటు, పిల్లలకైతే బడి. అలాంటి చోటు నుంచి ఒకే వారంలో ముగ్గురు వస్తే, ముందు వెతకాల్సింది అక్కడి డ్రమ్ములు, కూలర్లు, పాత టైర్లలోని నీళ్లనే.

ఆ గడి వచ్చేదాకా డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. జ్వరం మొదలైన తొలి ఐదారు రోజులు రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. అప్పుడు కుట్టిన దోమ మరొకరికి అంటిస్తుంది. మాత్ర మింగి డ్యూటీకి పోవడం మనవాళ్లకు అలవాటు. ఆ రోజుల్లో సెలవు పెట్టండి, ఇంట్లో పగలు కూడా దోమతెరలోనే పడుకోండి. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకండి.