బొమ్మ జేసీబీకి బడిలో చోటేదీ?

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు సున్నపురాయి గనుల్లో పెద్ద ప్రొక్లెయిన్లు, ప్రొద్దుటూరు, పులివెందుల పల్లెల్లో గట్టు తీయాలన్నా గుంత తవ్వాలన్నా జేసీబీలు. ఇవి చూస్తూ పిల్లలు ఊరుకుంటారా? అట్టముక్కలతో, అగ్గిపెట్టెలతో వాటి బొమ్మలు కట్టేస్తారు.

డెన్మార్కు లెగో సంస్థ 2019లో లీభెర్ ఆర్ 9800 ప్రొక్లెయిన్ బొమ్మను 4,108 ముక్కలతో, 7 మోటార్లతో తెచ్చింది. దాని వెల కూలీ ఇంటికి అందేది కాదు. అందకపోతే పోనీ. అసలు యంత్రం కిటుకు రెండు సిరంజీలు, ఒక సన్నగొట్టంతోనే తెలుస్తుంది. నీళ్లు నింపి ఒకటి నొక్కితే రెండోది లేస్తుంది, దానితో బొమ్మ చెయ్యీ లేస్తుంది. సన్నది నొక్కి లావుది లేపితే బలం పెరుగుతుంది, లేచే ఎత్తు తగ్గుతుంది. గాలిబుడగ చేరిందా, చెయ్యి మొరాయిస్తుంది. పెద్ద యంత్రంలో నీటికి బదులు నూనె, నొక్కడానికి పంపు.

చిక్కల్లా సిరంజీల దగ్గరే. ఆసుపత్రి చెత్తలో ఏరినవి పిల్లల చేతికి రానే కూడదు. సూదిలేని కొత్తవి మందులషాపులో చవకే, బడి ఖర్చుతోనే కొనాలి. ప్రదర్శన ముగిసిన మర్నాడే బొమ్మను పారవేయక, కింది తరగతివారు విప్పి మళ్లీ కట్టుకొనేందుకు బీరువాలో ఒక అర కేటాయించవలసిందిగా ప్రధానోపాధ్యాయులను తల్లిదండ్రులు గట్టిగా అడగాలి.