తప్పు నూడుల్సుది కాదు, తొందరది

మా మంచిర్యాల ఐ.బి. చౌరస్తా వైపు సాయంకాలం నూడుల్సు బండ్ల దగ్గర నిలబడేవారిలో కార్యాలయోద్యోగులే ఎక్కువగా కనిపిస్తారు. 2016 అక్టోబరులో మంచిర్యాల జిల్లా కేంద్రమైన తరువాత ఈ రద్దీ మరింత పెరిగిందని నా అభిప్రాయం. నేనూ ఆ గుంపులోని వాడినే. ఒంటిగంటకు తినవలసిన అన్నాన్ని దస్త్రాల మధ్య వాయిదా వేసి, నాలుగున్నరకు బండి దగ్గర పొగలు కక్కే ప్లేటును ఐదు నిమిషాలలో ఖాళీ చేసేవాడిని. రెండేళ్ళకు పులి త్రేన్పులు, గుండెమంట, నిద్రలేమి నన్ను పట్టుకున్నాయి.

మైదా, టేస్టింగ్ సాల్టు చేసిన పని అని పాఠకులు వెంటనే అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని నన్ను పరీక్షించిన వైద్యుడు మొదట అడిగినది వేరు. "ఏమి తింటారో తరువాత చెబుదురుగాని, ఎంతసేపు తింటారు?" జవాబు చెప్పడానికి సిగ్గుపడ్డాను.

టేస్టింగ్ సాల్టును 1908లో ఇకెడా అనే జపాను శాస్త్రవేత్త సముద్రపు నాచు నుండి వేరు చేశాడు. మామూలు మోతాదులో అది విషమని నేటి శాస్త్రం చెప్పడం లేదు. దానిపై మనవారికున్న కోపం కాస్త అతి అనే నేనంటాను. ఆలోచించవలసినది మామూలు ఉప్పును గురించి. ఆ జపానులోనే మన నూడుల్సుకు దగ్గరి చుట్టమైన రామెన్ ఉన్నది. చైనా వంటకం నుండి పుట్టిన దానికి 1910లో టోక్యోలోని అసకుసలో తెరిచిన రైరైకెన్ అనే భోజనశాల పేరు తెచ్చింది. క్షారజలంతో కలిపిన గోధుమపిండి పోగులు, ఉప్పుగా ఉండే వేడి చారు, ఇదీ రామెన్. అక్కడి ఉద్యోగులూ మధ్యాహ్న విరామంలో దానిని గబగబా జుర్రుకొని లేచిపోతారు. చరక సంహిత విమాన స్థానం మొదటి అధ్యాయం అతిగా వాడరాదన్నవి మూడు: పిప్పలి, క్షారం, లవణం. రామెన్ గిన్నెలో వాటిలో రెండున్నాయి! పెద్దలకు రోజుకు ఉప్పు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతున్నది.

తినే విధానం కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నది. వేడిగా, తగు మాత్రలో, ముందు తిన్నది జీర్ణమైన పిదప, మరీ త్వరగా కాక, మరీ ఆలస్యంగానూ కాక, మనసు పెట్టి భుజించమన్నారు. వీటిలో బండి దగ్గర నేను పాటించినది "వేడిగా" అన్న ఒక్కటే. ఆకలి చచ్చిన వేళ, నిలబడి, సెల్ ఫోనులో పైఅధికారికి జవాబిస్తూ తింటే గటకైనా గుండెమంటే తెస్తుంది.

కనుక బండివానిని తిట్టి లాభం లేదు. సరిగ్గా ఒంటిగంటకే సమావేశం పెట్టే అధికారులు ఆ అలవాటు మానాలి. ఉద్యోగి భోజన సమయాన్ని ఖాళీ సమయంగా లెక్కించడం అన్యాయం.

ఇప్పుడు నేను ఇంటి నుండి జొన్న గటక, ఉల్లిగడ్డ, శొంఠి వేసిన పలుచని మజ్జిగ తీసుకువెళుతున్నాను. మా ఎండలకు ఇది హాయిగా ఉంటుంది. నా మంట తగ్గింది. అయితే గుండెమంట అన్నదల్లా కడుపుదే కానక్కరలేదు, మజ్జిగతో సరిపెట్టక ముందు వైద్యునికి చూపించుకోండి.

నూడుల్సు మానలేదు. నెలకొకసారి మిత్రునితో కలిసి ఒక ప్లేటు చెరిసగం చేసుకుంటాము. బండివాడు రెండు స్టూళ్ళు వేస్తాడు.