ఎండీ5ను ఇంకా వదలరా?

ఈ వారం ఓ రక్తపరీక్షల ల్యాబ్ వాళ్లు పిలిస్తే వెళ్లి, వాళ్ల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సెట్టింగులు చూశాను. అనుమతుల ఫైల్లో మొట్టమొదటి లైను: ‘హోస్ట్ ఆల్ ఆల్ 0.0.0.0/0 ట్రస్ట్’. ఎక్కడినుంచి ఎవరొచ్చి ఏ యూజర్ పేరు చెప్పినా పాస్‌వర్డ్ అడక్కుండా రానిమ్మని దానర్థం. పోస్ట్‌గ్రెస్ పైనుంచి చదువుతూ మొదట కలిసిన లైన్నే పాటిస్తుంది కాబట్టి కింద ఎంత గట్టి నియమం రాసినా దండగే. ఆ డేటాబేస్‌లో ఉన్నవి జనం ఫోన్ నంబర్లు, హెచ్‌ఐవీ రిపోర్టులు! పెట్టిన కుర్రాణ్ణడిగితే, ‘కనెక్ట్ అవట్లేదు సార్, ఇది పెడితే అయింది’ అన్నాడు. నా కోపం అతని మీద కాదు, అంతటితో పనైపోయిందని బిల్లు వేసిన కంపెనీ మీద.

ఆ లైను తీసెయ్యమంటే ఎండీ5 అనే పాత పాస్‌వర్డ్ పద్ధతి పెట్టారు. అదీ నాకు మింగుడుపడదు. ఆ పద్ధతిలో పాస్‌వర్డ్‌కి యూజర్ పేరు కలిపి హ్యాష్ చేసి దాస్తారు. ఆ హ్యాష్ దొంగకు చిక్కితే చాలు, అసలు పాస్‌వర్డ్ తెలియకుండానే లాగిన్ అయిపోవచ్చు. దాని బదులు వచ్చిన స్క్రామ్ అనే పద్ధతిలో ఆ పప్పులుడకవు. సర్వర్లో దాచినది దొరికినా దాంతో నేరుగా లోపలికి రాలేరు. పాస్‌వర్డ్ ఊహించాలంటే ఒక్కో ఊహకీ 4096 సార్లు లెక్క కట్టుకోవాలి. స్క్రామ్ 2017లో పోస్ట్‌గ్రెస్ పదో వెర్షన్‌తోనే వచ్చింది, 2021లో పద్నాలుగుతో డిఫాల్ట్ అయింది. 2025లో వచ్చిన పద్దెనిమిదో వెర్షన్ ఎండీ5ను తీసేయబోతున్నామని హెచ్చరిస్తోంది కూడా. ఇంకా దేనికోసం ఆగడం?

అప్లికేషన్‌ను డేటాబేస్‌కి కలిపే పాత డ్రైవర్లు స్క్రామ్‌కి ఒప్పుకోవంటారు. డ్రైవర్లు మార్చండి! ఫైల్లో ఎండీ5 అనే ఉన్నా, స్క్రామ్‌గా దాచిన పాస్‌వర్డ్‌కి స్క్రామే నడుస్తుంది. అందుకని ఒక్కో యూజర్ చేతా కొత్త పాస్‌వర్డ్ పెట్టించి, ఫైల్లో మాట చివర్లో మార్చుకోవచ్చు. సర్వీసు ఆగదు.

అదే ల్యాబ్‌లో రిసెప్షన్ అమ్మాయి మాత్రం నెలనెలా పాస్‌వర్డ్ మార్చి తీరాలి. గుర్తుండక ఆమె చీటీ రాసి కీబోర్డు కింద పెట్టుకుంది. ఇలా గడువు పెట్టి మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. మన ఆఫీసుల్లో ఆడిట్ ఫారంలో ఆ గడి నిండితే చాలు, భద్రత వచ్చేసినట్టే. పైగా డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే అప్లికేషన్ పాస్‌వర్డ్ కోడ్‌లోనే రాసేసి ఉంది, పెట్టిన రోజునుంచీ అదే. వ్యక్తిగత డేటాను కాపాడలేకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని మన 2023 చట్టం చెబుతోంది. ఆ అమ్మాయి జోలికెళ్లకుండా, ముందు కోడ్‌లోంచి ఆ పాస్‌వర్డ్ తీసెయ్యండి.