ఆ తలుపు మళ్ళీ మూసేయకండి

పెళ్ళి బాగా జరిగిందంటే భోజనాలు బాగున్నాయంటారు, సన్నాయి బాగుందంటారు. తలంబ్రాల పళ్ళెం వేళకి అందించినదెవరని ఎవరూ అడగరు. 2020లో కరోనా వచ్చి పెద్ద పెద్ద సాంకేతిక సదస్సులన్నీ హాళ్ళు వదిలి కంప్యూటర్ తెర మీదికి ఎక్కినప్పుడూ అంతే జరిగింది. మాట్లాడినవాళ్ళు కనిపించారు. ఇంట్లో ఓ మూల కూర్చుని ఆ సభను నడిపించినవాళ్ళు కనిపించలేదు. వాళ్ళలో మన ఆడపిల్లలూ ఉన్నారు.

మైక్రోసాఫ్ట్ వారి 'బిల్డ్' సదస్సు 2019లో అమెరికాలోని సియాటిల్‌లో జరిగింది. టికెట్టు కొని, విమానమెక్కి వెళ్ళగలిగినవాళ్ళదే ఆ భాగ్యం. 2020 మే 19, 20 తేదీల్లో అదే సదస్సును 48 గంటలపాటు ఉచితంగా ఆన్‌లైన్‌లో నడిపారు. కంప్యూటర్ రంగంలోని స్త్రీల కోసం 1994లో మొదలైన గ్రేస్ హాపర్ సదస్సూ ఆ ఏడు ఆన్‌లైన్‌కే మారింది. మన హైదరాబాద్‌లో జరిగే బయోఆసియాను 2021 ఫిబ్రవరి 22, 23 తేదీల్లో వర్చువల్‌గా జరిపారు. అమెరికాలో ఉన్న సత్య నాదెళ్ళ అందులో మాట్లాడితే హుజూర్‌నగర్‌లో కూర్చుని కూడా వినగలిగే రోజు వచ్చింది. మా ఊరి నుంచి హైదరాబాద్‌కి బస్సులో నాలుగు గంటల పైమాటే. చంటిపిల్లల తల్లికి ఆ ప్రయాణమే పెద్ద అడ్డంకి. ఆ ఏడాది ఆ అడ్డు తొలగింది.

తెర వెనక పని ఎలా ఉంటుందో నేను దగ్గర్నుంచి చూశాను. మా అక్క కూతురు హైదరాబాద్‌లో ఇలాంటి సభలు ఏర్పాటుచేసే కంపెనీలో చేసేది. 2020 మార్చిలో హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చేసి, మేడ మీది గదిలోంచే సభలు నడిపింది. ఏ నిమిషానికి ఎవరు మాట్లాడాలో పట్టిక రాసుకునేది. ముందురోజే ఒక్కొక్కరి మైకు, వెలుతురు, కెమెరా సరిచూసేది. ప్రసంగాలు చాలావరకు ముందే రికార్డు చేయించి, ప్రశ్నలూ జవాబులూ మాత్రం అప్పటికప్పుడు పెట్టేది. కరెంటు పోతుందని ఇన్వర్టర్, నెట్ ఆగుతుందని రెండో ఫోను, తనే ఆగిపోతే అందుకోవడానికి ఇంకో ఊళ్ళో ఇంకో అమ్మాయి. అమెరికా వాళ్ళ ఉదయం మనకి రాత్రి అన్నాలు వడ్డించే వేళ. మా అక్క ఆ పూట కుక్కర్ పెట్టేదే కాదు.

"హాల్లో అయితే మధ్యలో లేచిపోవడానికి మొహమాటపడతారు చిన్నమ్మా. ఇంట్లో అయితే ఒక్క నొక్కుడు నొక్కి పోతరు. రెండు నిమిషాలు తెర ఖాళీగా ఉంటే సభ అయిపోయినట్టే" అనేది.

వచ్చిపోయే చుట్టాలు మాత్రం "ఈ పిల్లకి పొద్దస్తమానం ఫోన్లో ముచ్చట్లేనా?" అనేవారు. జీతం వస్తున్నా సరే, ఇంట్లో కూర్చుని ఆడది చేసేది పనిగా మనకి కనిపించదు.

2022లో కంపెనీ అందరినీ ఆఫీసుకి రమ్మంది. అప్పటికి తను ఆరునెలల పాపకి తల్లి. భర్త ఉద్యోగం కోదాడలో. రెండేళ్ళు ఇంటినుంచి చక్కగా చేసిన పనిని ఇంటినుంచి చేయడం కుదరదన్నారు. ఉద్యోగం మానేసింది. ఇలాంటి పిల్లలు మీ ఊళ్ళోనూ ఉండే ఉంటారు.

ఎదురెదురుగా కలుసుకోవడంలో ఉన్న లాభాన్ని నేను కాదనను. టీ తాగుతూ నాలుగు మాటలు కలిస్తే దొరికే పరిచయం తెర మీద దొరకదు. బయోఆసియా 2023లో మళ్ళీ హైదరాబాద్ హాలుకి వెళ్ళిందంటే అర్థం చేసుకోగలను. కానీ హాలు తెరిచినంత మాత్రాన రెండో తలుపు మూయాలా?

ఆ రెండో తలుపు కూడా అందరికీ తెరుచుకోలేదని మనం మరవకూడదు. 2019లో మన రాష్ట్రంలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన ఆడవాళ్ళు 26.5 శాతం, మగవాళ్ళు 57.4 శాతం. కరోనా ముంగిట మనం నిలబడ్డ చోటు అది. పైగా 2020 సెప్టెంబర్ 1 నుంచి టీవీలో, ఆన్‌లైన్‌లో బడి పాఠాలు మొదలయ్యాక ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మొదట భర్తకి, తర్వాత పిల్లలకి. అమ్మ వంతు వచ్చేసరికి చార్జింగే ఉండదు.

అందుకే అడుగుతున్నాను. సభలు జరిపేవారు హాల్లో కుర్చీతోపాటు తెర మీద చోటూ ఉంచాలి, అక్కడినుంచి వచ్చే ప్రశ్నకీ జవాబివ్వాలి. ఇంటినుంచి చేయగలిగే పనిని చిన్న ఊళ్ళ ఆడపిల్లలకి కంపెనీలు వదిలిపెట్టాలి. ఇక ఇంటివాళ్ళు చేయాల్సింది ఇంకా సులువు. ఓ గది, ఓ తలుపు, ఓ రెండు గంటలు. ఆ వేళ కాఫీ ఎవరైనా కలుపుకోవచ్చు.

అది చేతగాని పని కాదని 2020లో మనమే రుజువు చేశాం. అప్పుడు భయంతో చేసింది ఇప్పుడు ఇష్టంతో చేయలేమా?