వేలిముద్ర పడకపోతే హక్కు పోతుందా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేటలను ముంచెత్తింది. కరెంటు పోయింది, ఆ వెంటే సెల్‌ఫోన్లు మూగబోయాయి. డ్రోన్లు ఆహార పొట్లాలు చేరవేసిన మాట నిజమే. కానీ ఏ మేడమీద బాలింత ఉందో, ఏ ఇంట్లో మంచంపట్టిన వృద్ధుడున్నాడో ఎరిగినవారు ఇరుగుపొరుగు మనుషులే. వరద తీసింది, ఆ పాఠమూ దానితోపాటే పోయింది.

నేడు బియ్యానికీ, పింఛనుకూ, ధ్రువపత్రానికీ నెట్‌వర్కే ద్వారపాలకుడు. డెల్టా పొలాల్లో నాట్లు వేసి, పరాయి ఇళ్లలో గిన్నెలు తోమి అరిగిన వేళ్లను యంత్రం గుర్తించదు. ‘సర్వర్ పనిచేయడం లేదు, రేపు రండి’ అన్న ఒక్క మాటతో ఆనాటి కూలి పోగొట్టుకొనే తల్లికి పరిహారం ఎవరిస్తారు? ఆధార్ ధ్రువీకరణ విఫలమైనంత మాత్రాన అర్హులకు లబ్ధి నిరాకరించబోమని కేంద్రం ఇచ్చిన హామీ 2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు తీర్పులోనే నమోదై ఉంది. ఆ హామీ రేషన్ దుకాణం గడప దాకా రావాలి కదా!

వక్ఫ్ విషయంలో ఈ ముడి మరింత బిగిసింది. 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించి, తరాల నాటి ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో ఎక్కించాలన్నారు. పల్లె మస్జిద్ ముతవల్లీ వద్ద ఉండేది పాత దస్తావేజు, పెద్దల సాక్ష్యం, కంప్యూటరు కాదు. గడువు పొడిగింపునకు డిసెంబరు 1న నిరాకరించిన సుప్రీంకోర్టు, ట్రిబ్యునళ్లను ఆశ్రయించమంది. అంటే ఖబరస్తాన్‌ను కాపాడుకోవడానికి ఇంటర్నెట్ కేంద్రం, ఆపైన వకీలు!

మేము లెక్కలకు వ్యతిరేకులం కాము. అప్పును సైతం సాక్షుల ఎదుట రాసుకొమ్మని బోధించే ధర్మం మనది. పారదర్శకమైన నమోదు వక్ఫ్‌కు రక్ష కూడా. మా అభ్యంతరం ఒక్కటే: యంత్రం సాయానికి ఉండాలి గాని తీర్పరి కారాదు.

కనుక మేము కోరుతున్నాం: ప్రతి సేవకూ కాగితం దారి తెరిచి ఉంచండి. యంత్రం కాదన్నచోట కారణాన్ని అధికారి రాతపూర్వకంగా ఇవ్వాలి. మస్జిద్ కమిటీలు సైతం జుమా తర్వాత ఒక గంట చదువుకున్న యువతను కూర్చోబెట్టి, పెద్దలకు దరఖాస్తుల్లో తోడ్పడాలి. అసలు దస్తావేజులను భద్రపరచాలి.

సిగ్నల్ ఉంటేనే దక్కేది హక్కు కాదు, దయ. మనకు కావలసింది హక్కు.