ఇంకో పడక ఎక్కడ వేస్తారు?

కార్తీకం వచ్చిందంటే చాలు, విశాఖవాసుల మనసు కొండల మీదికి మళ్లుతుంది. అరకు, అనంతగిరి, లంబసింగి... మంచు కురిసే రోజుల్లో, అదీ శని ఆదివారాల్లో అక్కడ గది దొరకడమంటే గగనమే. సొంత వ్యాన్ ఉన్నవాళ్లకు ఆ తిప్పలెందుకు? వెనక సీట్లు మడిచి పరుపు వేస్తే అదే గది! అమ్మ, నాన్న, ఓ పిల్లాడు... ముగ్గురికీ సరిపోతుంది. తీరా బయల్దేరే వేళకు ‘నానూ వస్తాన్రా’ అంటుంది నాయనమ్మ. ఆవిడ వెంట మేనత్త కొడుకు. మరి వాళ్లకు పడక? ‘పైన ఇంకో బల్ల బిగించేస్తే పోలా’ అనిపిస్తుంది ఎవరికైనా.

సరిగ్గా ఇదే ఆలోచన ఒకప్పుడు రైల్వేకీ వచ్చింది. 2007లో, లాలూప్రసాద్ యాదవ్ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు, నడవా పక్కన ఉండే రెండు బెర్తుల మధ్య మూడోది ఇరికించారు. లెక్క భేషుగ్గా కుదిరింది. స్లీపర్ పెట్టెలో 72 బెర్తులు 81 అయ్యాయి. థర్డ్ ఏసీలో 64 కాస్తా 72 అయ్యాయి. కొత్త పెట్టె అక్కర్లేకుండానే ఒక్కోదాంట్లో ఎనిమిది, తొమ్మిది మందికి అదనంగా చోటు!

కానీ లెక్కలో నడుం లేదు, మెడ లేదు. మధ్య బెర్తు వేశాక కిందివాళ్లు తిన్నగా కూర్చోలేరు. మధ్యలో పడుకున్నవారికి పక్కకు తిరగాలన్నా కష్టమే. పైవాళ్ల తలకు కప్పు తగులుతుంది. జనం గగ్గోలు పెట్టారు. 2009లో మంత్రిగా వచ్చిన మమతా బెనర్జీ ఆ బెర్తులను తీయించారు. గరీబ్‌రథ్ రైళ్లలో మాత్రం అవి కొనసాగాయి. విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు గరీబ్‌రథ్‌లో వెళ్లివచ్చిన వారిని అడిగితే ఆ మధ్య బెర్తు సంగతి కథలు కథలుగా చెబుతారు.

పన్నెండేళ్లు గడిచాక, 2021లో, కపుర్తలా కోచ్ ఫ్యాక్టరీ అదే చిక్కును ఇంకో దారిలో విప్పింది. థర్డ్ ఏసీ ఎకానమీ పెట్టెలో 72 బదులు 83 బెర్తులు వచ్చాయి. ఈసారి మనిషి మీద మనిషిని పేర్చలేదు. పెట్టె లోపల చోటు ఆక్రమించిన విద్యుత్ పరికరాలను నేల కిందికి దించారు. కాళ్లు చాపుకొనే జాగా కాస్త తగ్గించారు. మోకాళ్లకు కొంత ఇబ్బందే, కానీ తలెత్తి కూర్చోవచ్చు. వ్యాన్‌కూ ఇదే కిటుకు. పైన బల్ల వేసే ముందు, లోపల ఉన్న సామానులో ఏది బయటికి పోగలదో చూడాలి. స్టవ్వు, నీళ్ల డబ్బాలు, సంచులు రాత్రికి బయట ఓ టార్పాలిన్ కిందికి చేరితే ఒకరికి చోటు దొరికినట్టే.

చోటు కంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. నిద్రలో ఉన్న మనిషి బయటికి రావడానికి దారి ఏది?

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు తగలబడింది. రోడ్డు మీద పడి ఉన్న మోటార్‌సైకిల్ బస్సు కిందికి చేరి, నిప్పు రాజుకుంది. 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. సీట్ల బస్సుగా నమోదైన దాన్ని పడకల బస్సుగా మార్చారని అధికారులు తర్వాత చెప్పారు. సీట్లో కునుకు తీసే మనిషి లేచి నిలబడితే నడవాలో ఉంటాడు. పై బెర్తులో ఉన్నవాడు పొగలో, చీకట్లో ముందు కిందికి దిగాలి, ఆపైన దారి వెతుక్కోవాలి.

అందుకే చట్టం కూడా గట్టిగానే ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే మాట చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించేలా చేశారు. బెర్తును శాశ్వతంగా బిగించాలనుకుంటే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగడం మేలు.

మరి బిగించకుండా పడక వేయలేమా? భేషుగ్గా వేయొచ్చు. పాత వోక్స్‌వ్యాగన్ క్యాంపర్లలో ముందు సీట్ల మీదుగా రెండు గొట్టాలు అడ్డంగా పెట్టి, వాటికి కాన్వాసు గుడ్డ తొడిగేవారు. పిల్లలు హాయిగా పడుకునేవారు. పొద్దున్నే చుట్టేస్తే సరి. మన నవారు మంచం లాంటిదే! ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న ప్లైవుడ్ ముక్క ముప్పై కిలోలకు పైనే తూగుతుంది. నవారు బరువెంత? అయితే ఏ పడకైనా బండి ఆగాకే. అనంతగిరి ఘాట్ మలుపుల్లో ఎవరినీ పడుకోబెట్టకూడదు. పడకలు ఎన్ని వేసినా, ప్రయాణంలో ఆర్సీలో ఉన్న సీట్లకు మించి మనుషులు ఎక్కకూడదు.

చలేస్తోందని కిటికీలన్నీ బిగించేయడం మరో ప్రమాదం. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. లంబసింగిలో ఎంత వణికినా వ్యాన్‌లో కుంపటి పెట్టకూడదు. ఇంజిన్ నడుస్తుండగా నిద్రపోకూడదు. రెండు వైపులా కిటికీలు బెత్తెడు తెరిచి ఉండాలి. మనిషి పెరిగితే గాలీ పెరగాలి కదా!

బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఓ పరీక్ష పెట్టుకోవచ్చు. రాత్రి పడకలన్నీ వేసి, అందరూ పడుకుని, దీపాలార్పి ‘దిగండి’ అనాలి. నాయనమ్మ ఎవరినీ దాటకుండా, ఏదీ ఎక్కకుండా తలుపు తీసుకుని కిందికి దిగగలిగితే ఆ పడక సరైన చోటే ఉన్నట్టు. దిగలేకపోతే ఆవిడకు తలుపు పక్కన చోటిచ్చి, మేనత్త కొడుక్కి బయట ఓ గుడారం వేయడమే మంచిది. ఆ వయసులో మంచులో పడుకోవడమూ సరదాయే మరి!