తుప్పు వదిలించే మాత్రలు?

సూరత్‌లోని పర్వత్ పాటియా, లింబాయత్ వైపు తెలుగు వినిపిస్తే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ వేళ్లూనుకున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. అలాంటి ఓ ఇంట్లో పదమూడేళ్ల అమ్మాయికి టైప్ 1 మధుమేహం వచ్చిందనుకోండి. రోజుకు మూడు నాలుగు ఇంజెక్షన్లు, చక్కెర చూసుకోవడానికి స్ట్రిప్పులు. పన్నెండు గంటల షిఫ్టు చేసే తండ్రి జీతంలో ఇదే పెద్ద కోత. ఇవి చాలవన్నట్టు, ‘ఒంట్లో విషాలు పోతాయి’ అంటూ ఎవరో ఒకరు యాంటీఆక్సిడెంట్ల డబ్బా చేతిలో పెడతారు.

దాని వెనక సైన్సు లేకపోలేదు. చక్కెర ఎక్కువైనప్పుడు కణాల్లోని మైటోకాండ్రియా సూపర్ ఆక్సైడ్‌ను మోతాదుకు మించి వదులుతుంది. రక్తనాళాల లోపలి పొరకు ఒక రకంగా తుప్పు పడుతుంది. కంటి రెటీనా, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడానికి మూలం ఇదేనని అమెరికా శాస్త్రవేత్త మైకేల్ బ్రౌన్లీ 2001లో ‘నేచర్’ పత్రికలో వాదించారు. జబ్బు చిన్నప్పుడే మొదలైతే ఆ తుప్పుకు దశాబ్దాల వ్యవధి దొరుకుతుంది.

మరి తుప్పును మాత్ర ఆపుతుందా? 3,654 మంది మధుమేహులపై రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. గుండెకూ, మూత్రపిండాలకూ ఒరిగిందేమీ లేదు. వారంతా 55 ఏళ్లు పైబడినవారన్నది నిజమే. కానీ పిల్లలకు పనిచేస్తుందని చెప్పే గట్టి రుజువూ లేదు. తుప్పు పట్టాక తుడవడం కంటే తడి తగలకుండా చూడటమే తేలిక. 13 నుంచి 39 ఏళ్ల టైప్ 1 రోగులు 1,441 మందిపై జరిగి 1993లో వెలువడిన అమెరికా అధ్యయనం అదే చూపింది. ఇన్సులిన్‌తో చక్కెరను కట్టడి చేసినవారిలో రెటీనా జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది.

డబ్బాతో మరో చిక్కుంది, దీన్ని అమ్మేవాళ్లు చెప్పరు. విటమిన్ సి భారీ మోతాదులో తీసుకుంటే కొన్ని గ్లూకోమీటర్లు, సెన్సర్లు లేని చక్కెరను ఉన్నట్టు చూపుతాయి. ఆ అంకె నమ్మి అదనంగా ఇన్సులిన్ ఎక్కిస్తే పిల్ల స్పృహ తప్పవచ్చు. మాత్రలున్నాయి కదా అని ఇన్సులిన్ మానేస్తే మరీ ఘోరం. కీటోన్లు పేరుకుపోయి రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఉసిరికి, జామకు, ఆకుకూరలకు ఈ గొడవ లేదు. జామపండులోని పిండిపదార్థాన్ని మాత్రం లెక్కలో వేసుకోవాలి.

డబ్బాకు పెట్టే డబ్బు స్ట్రిప్పులకు పెడితే రోజుకు మరోసారి చక్కెర చూసుకోవచ్చు. సూరత్ ఎండల్లో రేకుల గదిలో ఉంచిన ఇన్సులిన్ బలం కోల్పోతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక పోసిన మట్టికుండలో, సీసాకు తడి తగలకుండా మూతపెట్టిన డబ్బాలో ఉంచి నీడన పెడితే చాలావరకు కాపాడుకోవచ్చు.